గోడ మీది మహేశ్వరి

ఐసు ఫ్యాక్టరీ గోడ మీద ఉన్నది తనేనని మహేశ్వరికి మొదట తెలియలేదు. నెత్తళ్ళ చేపల తట్ట తల మీద పెట్టుకుని, తడిలో కాలు జారకుండా నేల వైపే చూసుకుంటూ నడుస్తోంది. వెనకాల వస్తున్న రాణి ఆగిపోయింది.

"ఓలె మహేస్సరీ, గోడ మీద నువ్వేనే," అంది.

ఇంకా పూర్తిగా తెల్లారలేదు. చేపల వేలం దగ్గర వేలాడదీసిన లైట్ల వెలుతురు పల్చగా ఆ గోడ దాకా వస్తోంది. బంక తడి ఆరని కాగితం మీద ఒక ఆడమనిషి ఉంది. నడుముకి బిగించిన చీర, తెరిచిన నోరు, పైకి లేచిన కుడి చెయ్యి. మనిషంతా ఎరుపు రంగు. వెనక పసుప్పచ్చగా పెద్ద సూర్యుడు. కింద రెండే మాటలు: 'ఎండ మాది'.

"నాను కాదు," అంది మహేశ్వరి.

"ఆ మోచెయ్యి సూడు. అలాటి వంకర సెయ్యి ఈ హార్బర్లో ఇంకెవులికుంది?"

మహేశ్వరి తట్ట దించి దగ్గరికి వెళ్ళింది. చిన్నప్పుడు విరిగి సరిగ్గా అతుక్కోని మోచెయ్యి, లోపలికి కొంచెం మడతపడి, బొమ్మలో కూడా అలాగే ఉంది. తనే. కానీ తను ఎప్పుడు చెయ్యెత్తి అరిచింది? మీటింగులకి వెళ్ళేది నిజమే. వెళ్ళి రాణి వెనకాల నిలబడేది. 'జిందాబాద్' అన్నప్పుడు పెదవులు కదిపేది, అంతే.

అప్పుడు గుర్తొచ్చింది. మొన్నామధ్య ఎవరో పిల్ల ఫోను పట్టుకుని వచ్చి, చేపలు ఎండేసేచోట అటూ ఇటూ తిరిగింది. సరిగ్గా ఆ వేళకే ఒక కాకి వచ్చి నెత్తళ్ళ మీద వాలింది.

"కాకే రాణీ. నాను కాకిని తోలతన్నాను," అంది.

రాణికి నవ్వాగలేదు. ఆ నవ్వులో తట్ట పడిపోతుందేమోనని రెండు చేతులతో పట్టుకుంది. వేలం దగ్గరికి వెళ్ళే ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆగి, గోడనీ మహేశ్వరినీ మార్చి మార్చి చూశారు. కొందరు నవ్వారు. పైడితల్లి అనే ముసలామె మాత్రం దగ్గరికొచ్చి చెంపలు నిమిరి, "బాగున్నావే. అమ్మోరునాగున్నావు," అంది.

ఐసు ఫ్యాక్టరీకీ, బోట్లు బాగుచేసే చోటుకీ మధ్య ఉన్న సిమెంటు యార్డులో ఆ ఆడవాళ్ళంతా చేపలు ఎండేస్తారు. అక్కడ పార్కింగు కడతారని వేసవి మొదట్లో తెలిసింది. కంచె వేసే ఇనప స్తంభాలు కూడా వచ్చి ఓ మూల పడున్నాయి. అప్పటినుంచీ హార్బరు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నది సూర్యకాంతమ్మ. మహేశ్వరి భర్త నాగబాబుకి మేనత్త ఆమె. మోకాళ్ళ నొప్పులతో బస్సు మెట్లు కూడా ఎక్కలేని మనిషి. అయినా అర్జీలు రాయించింది ఆమే, పోలీసులతో మాట్లాడింది ఆమే, ఆడవాళ్ళని పోగుచేసింది ఆమే.

సూర్యకాంతమ్మ ఆ పొద్దున కాస్త ఆలస్యంగా వచ్చింది. గోడ ముందు నిలబడి చూసింది. మహేశ్వరి ఆమె ముఖం వైపే చూస్తోంది, ఏదో ఒక మాట అంటుందని. రోజూ మహేశ్వరి పక్కనే కూర్చుని చేపలు తిరగేసే మనిషి, ఆ రోజు యార్డు ఆ చివరికి వెళ్ళి కూర్చుంది. ఎండ ముదరకముందే లేచి వెళ్ళిపోయింది.

మహేశ్వరి ఒక్కతే నెత్తళ్ళు తిరగేసింది. అరచేత్తో నేలని తుడిచినట్టు పోగుచేసి, మళ్ళీ పల్చగా పరిచింది. కాకులు వచ్చినా చెయ్యెత్తలేదు. కర్రతో తోలింది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి నాగబాబు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పక్కన అతని బట్టల మూట. ఆ వేళకి అతను సముద్రం మీద ఉండాలి.

"ఏటి మావా, బోటెక్కనేదా?"

"ఎక్కనివ్వనేదు." నాగబాబు ఆమె వైపు చూడలేదు. "అర్జునరావు నవ్వతానే అన్నాడు. మీ ఇంటిది గోడెక్కింది కదరా, అది దిగాక నువ్వు బోటెక్కుదువులే అని."

అర్జునరావు బోటు యజమాని. పార్కింగు కాంట్రాక్టులో అతనికీ వాటా ఉందని హార్బర్లో అందరికీ తెలుసు.

"నాను ఎక్కనేదు మావా. నన్నెవులూ అడగనేదు."

"నాకు తెల్దేటి?" అన్నాడు నాగబాబు. లేస్తూ, "బొమ్మ మాత్రం బాగుంది," అని లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియక మహేశ్వరి పొయ్యి ముందు కూర్చుంది. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. ఆ మూట విప్పి లుంగీలు, తువ్వాలు మళ్ళీ గూట్లో సర్దింది.

మర్నాటికి ఆ పోస్టరు పాత పోస్టాఫీసు గోడల మీదకి కూడా వెళ్ళింది. ఎండు చేపలు కొనడానికి వచ్చే ఆనందపురం వ్యాపారి మహేశ్వరిని చూసి, "జగదాంబ సెంటర్లో మిమ్మల్నే చూసొచ్చానమ్మా," అన్నాడు. టీవీ వాళ్ళెవరో మైకు పట్టుకొచ్చి ఉద్యమ నాయకురాలు ఎక్కడని అడిగితే, అందరూ కలిసి ఆమెనే చూపించారు. మహేశ్వరి ఖాళీ గంప మొహానికి అడ్డం పెట్టుకుని బోట్లు బాగుచేసే వైపు వెళ్ళిపోయింది.

సూర్యకాంతమ్మ ఆ రోజు అసలు రాలేదు.

"కోపం ఉండదేటి మరి," అంది రాణి, ఉప్పు చల్లుతూ. "కాళ్ళరిగేలా తిరిగింది ఆవిడ. బొమ్మేమో నీది. నానైనా ఊరుకోను."

మహేశ్వరి చేతిలో ఉప్పు అలాగే ఉండిపోయింది. నిన్నట్నుంచీ తన మనసులో ఉన్నది అదే, ఇంకొకరి నోట్లోంచి వచ్చింది. చేతులు కడుక్కుంది.

"నా సేపలు సూడు. ఆ బొమ్మేసిన పిల్ల కాడికెల్లి వత్తాను."

"ఎల్లి ఏటి సేత్తావ్?"

"పీకీమంటాను."

*

కంచరపాలెం మెట్టు దగ్గర బస్సు దిగి, రైలు పట్టాల పక్క సందులో అడుగుతూ వెళ్ళింది. ప్రింటింగు షాపు అని అందరూ చెప్పారు గానీ చూస్తే అది ఇంటి ముందు గది. గుమ్మానికి పెళ్ళిపత్రికల నమూనాలు వేలాడుతున్నాయి. లోపల ఇద్దరు పట్టే బల్ల. దాని మీద గుడ్డ బిగించిన చెక్క ఫ్రేము. ఒక పిల్ల రెండు చేతులా చెక్కపిడి పట్టుకుని, ఎర్ర రంగుని ఆ గుడ్డ మీద ఒక్క ఊపులో ఇవతలికి లాగింది. ఫ్రేము ఎత్తి, కింది కాగితం తీసి, తీగ మీద క్లిప్పు పెట్టి ఆరేసింది. అప్పటికే తీగల నిండా కాగితాలు ఆరుతున్నాయి. అన్నిటి మీదా మహేశ్వరే.

ఇన్ని మహేశ్వరుల మధ్య నిలబడి ఆమె ఏం మాట్లాడాలో మర్చిపోయింది.

తలెత్తి చూసిన ఆ పిల్ల చేతిలో పిడి అలాగే వదిలేసింది. "అక్కా, మీరా. రండి రండి," అని రంగు చేతులు గుడ్డకి తుడుచుకుని స్టూలు లాగింది. పేరు యశస్విని అని చెప్పింది. బొమ్మల చదువు చదివిందట. షాపు తండ్రిదట. పోస్టర్లకి డబ్బులు తీసుకోలేదట.

"బాగా వచ్చింది కదక్కా? బస్సులో వెళ్ళేవాళ్ళకి కూడా కనబడాలని రెండు రంగులే వాడాను. ఒక్క మనిషి, ఒక్క చెయ్యి. ఎక్కువ పెడితే కంటికి ఏదీ ఆనదు."

"ఆ సెయ్యి వల్ల మా ఆయనకి పని పోనాదమ్మా," అంది మహేశ్వరి.

యశస్విని మొహంలో వెలుగు తగ్గిపోయింది. మహేశ్వరి అంతా చెప్పింది. అర్జునరావు అన్న మాట, టీవీ వాళ్ళు, గంప అడ్డం పెట్టుకోవడం. పట్టాల మీద గూడ్సు బండి పోతుంటే కాసేపు ఆగి, అది పోయాక మళ్ళీ చెప్పింది. ఆ పిల్ల మధ్యలో అడ్డు రాలేదు. చివరికి తీగ మీద కాగితాలన్నీ ఒక్కొక్కటే తీసి బోర్లా పెట్టింది.

"ఇవి ఆపేస్తానక్కా. గోడల మీదవాటికి మొహం లేకుండా ఇంకోటి వేసి, పైన అంటించేస్తాను. ఈ రాత్రికే చెప్తాను మా వాళ్ళకి. మిమ్మల్ని అడిగే ఫొటో వాడుతున్నానని అనుకున్నాను. నేనే వచ్చి అడగాల్సింది."

అంత తొందరగా ఒప్పుకుంటుందని మహేశ్వరి అనుకోలేదు. దారంతా పోగుచేసుకున్న కోపం ఇప్పుడెక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఆ ఫొటో ఓపాలి సూపించు," అంది.

యశస్విని కంప్యూటరులో తెరిచింది. అందులో కాకి ఉంది, ముక్కున నెత్తలిని కరుచుకుని రెక్క విప్పుతూ. నేల నిండా వెండి రంగులో చేపలు. ఎడమ పక్కన కాళ్ళు చాపుకుని సూర్యకాంతమ్మ. ఒక చెయ్యి చేపల్లో ఉంది. మొహం కాకి వైపు ఎత్తి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. ఆమె అలా నవ్వడం మహేశ్వరి ఎన్నాళ్ళకో చూసింది.

"మా అత్తనెందుకు కోసీసినావమ్మా?"

యశస్విని రంగు అంటిన గోళ్ళని గీరుకుంది. "అది ఆవిణ్ణే అడగండక్కా. చెప్పొద్దన్నారు నాతో."

మహేశ్వరి మళ్ళీ బొమ్మ వైపు చూసింది.

"ఇది అలాగే ఒక కాగితమ్మీద తీసియ్యి," అంది. "గోడలమీదవి ఇప్పుడే కప్పీయకు. నాను సెప్తాను."

*

హార్బర్లో దిగేసరికి ఎండ వాలింది. ఇంటి దగ్గర సూర్యకాంతమ్మ లేదు. జెట్టీ వైపు వెళ్ళిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

మర్నాడు బయల్దేరే బోట్లలోకి ఐసు దింపుతున్నారు. మరలో పడ్డ ఐసు దిమ్మ పొడి పొడిగా గొట్టంలోంచి దూకుతోంది. ఆ చప్పుడు పక్కన సూర్యకాంతమ్మ ఒక బోటు అంచు పట్టుకుని నిలబడి, లోపలున్న బోటు యజమాని తాతబాబుతో ఏదో మాట్లాడుతోంది. తాతబాబు తలూపాడు. ఆమె ఇటు తిరిగి, మహేశ్వరిని చూసి అక్కడే ఆగిపోయింది.

మహేశ్వరి చుట్టచుట్టిన కాగితం విప్పి ఆమె ముందు పట్టింది. సూర్యకాంతమ్మ కళ్ళు చికిలించి చూసింది.

"ఎవులు కొయ్యమన్నారు?" అంది మహేశ్వరి.

"నానే."

"ఎందుకు?"

పక్కనున్న వలల కుప్ప మీద సూర్యకాంతమ్మ మెల్లిగా కూలబడింది. మోకాలు రెండు చేతులతో పట్టుకుంది. "నా మొకం ఆఫీసులో అందరికీ అలవాటైపోనాది పిల్లా. నన్ను సూడగానే, ముసల్ది మళ్ళీ వచ్చింది, కూకోబెట్టండి అంటారు. మద్దేనం దాకా కూకుంటాను. ఆల్లు బోజనానికి ఎలిపోతారు, నాను ఇంటికొచ్చెత్తాను. కొత్త మొకం ఉంటే తలెత్తి సూత్తారనిపించింది. ఆ ఫొటోలో నువ్వు సూడు, ఎలాగున్నావో. ఇది సాలమ్మా, నన్ను తీసీ అన్నాను ఆ గుంటతోటి. మహేస్సరికి నాను సెప్పుకుంటాను అని కూడా అన్నాను."

"మరి నన్నడగనేదేటి?"

"అడిగితే వొద్దందువు."

"అందును. అనడానికి నాకు హక్కు నేదేటి?"

తాతబాబు బోటులోంచి తొంగిచూసి మళ్ళీ తల లోపలికి లాక్కున్నాడు. సూర్యకాంతమ్మ మోకాలు నిమురుకుంది. ఐసు మర ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు చిన్నగా వినిపించింది.

"ఉంది. నాదే తప్పు. నాగబాబుని బోటెక్కనివ్వనేదని ఇన్నాక, నీ పక్కన కూకోడానికి మొకం సెల్లనేదు. రెండ్రోజులై ఈ బోటూ ఆ బోటూ తిరగతన్నాను. అర్జునరావంటే బయం అందరికీ. ఇప్పుడు తాతబాబు ఒప్పుకున్నాడు. తెల్లారి ఆడి బోటెక్కమను మీ ఆయన్ని."

మహేశ్వరి ఆ కాళ్ళ వైపు చూసింది. వాచిన మోకాళ్ళు. చీర కుచ్చిళ్ళకి బోట్ల తారు మరకలు. రాణి అన్న మాటా, తను రెండు రోజులుగా అనుకున్నదీ గుర్తొచ్చి, ఆమె పక్కన వలల మీద కూర్చుంది. కోపం మొత్తం పోలేదు. పోనంత మటుకు అలాగే ఉంచుకుని, కాగితం చుట్టచుట్టింది.

"ఇందులో నవ్వతన్నావు నువ్వు," అంది.

"ఆ కాకి నీ సేతికి దొరక్కుండా ఎగిరిపోతంటే నవ్వు రాదేటి?"

మహేశ్వరి కాగితం ఒళ్ళో పెట్టుకుంది.

"రేపు ఆఫీసుకి రమ్మన్నారు," అంది సూర్యకాంతమ్మ. "ఆల్లే కబురెట్టినారు. ఇప్పుడు అడగతన్నాను. వత్తావా?"

"ఆలోసించుకోనీ," అంది మహేశ్వరి. అడిగించుకోవడం బాగుంది. లేచి చీర దులుపుకుని, ఆమెని లేపడానికి చెయ్యి అందించాక చెప్పింది. "వత్తాను. నోరు మాత్రం ఇప్పను."

*

మర్నాడు చీకటి ఉండగానే నాగబాబు మూట పట్టుకుని వెళ్ళిపోయాడు. తాతబాబు బోటు రేవు దాటడం చూసి మహేశ్వరి యార్డుకి వచ్చింది. అప్పటికే కూలీలు వచ్చి సున్నంతో గీతలు గీస్తున్నారు. ఈ రోజు చేపలు పరవొద్దన్నారట. తడి చేపల గంపలన్నీ బరకాల కింద కప్పి, ఆడవాళ్ళు గోడ వారన నిలబడ్డారు. ఎండెక్కేకొద్దీ ఆ బరకాల కింద ఏమవుతుందో అందరికీ తెలుసు.

ఆఫీసులో వరండా బెంచీ మీద సూర్యకాంతమ్మ అలవాటుగా కూర్చోబోయింది. లోపలినుంచి వచ్చిన ప్యూను మహేశ్వరిని చూసి, మళ్ళీ చూసి, లోపలికి వెళ్ళాడు. వెంటనే వెనక్కొచ్చి, "రండమ్మా," అన్నాడు. సూర్యకాంతమ్మ బెంచీ వైపొకసారి చూసి నడిచింది.

గురునాథరావు అనే అధికారి బల్ల వెనక ఉన్నాడు. నెరిసిన మీసాలు, అలిసిన కళ్ళు. కుర్చీలు చూపించి, మహేశ్వరి మొహం వైపు చూశాడు.

"మీరేనా? ఊరంతా మీరే ఉన్నారు. రాత్రి మా ఆవిడ అడిగింది, ఆ మనిషిని మీరేం చేశారండీ అంత గట్టిగా అరుస్తోందని. ఇంతకీ ఏమంటున్నారమ్మా అందులో?"

నోరు విప్పనన్న మాట మహేశ్వరికి గుర్తుంది. కానీ అడిగినదానికి చెప్పకపోతే బాగుండదనిపించింది.

"హుష్ అంటన్నానండి. కాకిని."

ఆయన ఒక్క క్షణం అర్థంకానట్టు చూసి, తర్వాత పెద్దగా నవ్వాడు. ప్యూను కూడా మొహం తిప్పుకుని నవ్వాడు. అప్పటిదాకా కుర్చీ అంచున బిగుసుకుని ఉన్న సూర్యకాంతమ్మ వెనక్కి జారగిలబడింది.

ఆయన బల్ల మీద ఒక పటం పరిచాడు. పైనుంచి ఒత్తిడి ఉందన్నాడు, రెండు వైపులా. పార్కింగు మొత్తం ఆపలేనన్నాడు. సగం జాగా ఆడవాళ్ళకి వదిలేస్తానన్నాడు. కాగితం రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాడు. చేతిలో పెన్సిలుతో ఒక పక్క చుట్టూ గీత గీశాడు. "ఇది మీకు. ఇంకెవరూ కదపరు."

సూర్యకాంతమ్మ ఆ గీత వైపు చూస్తూ ఉండిపోయింది. వేసవి మొదట్నుంచీ తిరిగినదానికి దొరికిన మొదటి మంచి మాట అది. ఆమె పెదవులు కదిలాయి. "సరే బాబూ," అనబోతోందని మహేశ్వరికి తెలిసింది. ఆ మొహంలో ఉన్నది సంతోషం కాదు, అలుపు.

"సార్, ఐసు ఫ్యాక్టరీ ఎటుందండి ఇందులో?" అంది మహేశ్వరి.

ఆయన చూపించాడు. గీసిన గీతకి ఆనుకునే ఉంది.

"అయితే మాకొద్దండి."

సూర్యకాంతమ్మ చటుక్కున ఆమె వైపు తిరిగింది. మహేశ్వరి బల్ల అంచు పట్టుకుంది.

"ఆ గోడ పొడుగండి. మద్దేనం దాటితే నీడ అక్కడే పడతాది. సగం ఎండిన చేప సాయంత్రానికి కంపు కొడతాది. మేం అడిగింది జాగా కాదండి. ఎండ. జాగా సగమైనా సర్దుకుంటాం. ఆ రెండో పక్క సగం మాకొదిలీండి."

"పార్కింగు ఇటు పెట్టాలా మరి?"

"మీకది మంచిదే కదండి. బళ్ళు నీడనే పెట్టుకుంటారు ఎవులైనా."

ఆయన పటాన్ని తనవైపు తిప్పుకున్నాడు. కాసేపు చూశాడు. ఫోను తీసి ఎవరితోనో మాట్లాడాడు. దారి ఏ వైపు ఉంటుంది, గేటు మార్చవచ్చా అని అడిగాడు. అవతలివాళ్ళు ఏదో అభ్యంతరం చెప్పినట్టున్నారు. "స్తంభాలు ఇంకా పాతలేదు కదయ్యా, ఏం నష్టం?" అన్నాడు. ఆ మాటలు జరుగుతున్నంతసేపూ సూర్యకాంతమ్మ చెయ్యి వచ్చి బల్ల కింద మహేశ్వరి చేతిని పట్టుకుంది. ఉప్పుకి గరుకెక్కిన అరచెయ్యి. ఫోను పెట్టేసి ఆయన పెన్సిలు గీతని రబ్బరుతో చెరిపాడు. రెండో పక్కన గీశాడు.

"ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఇన్నాళ్ళు పట్టేది కాదు," అన్నాడు. తర్వాత సూర్యకాంతమ్మ వైపు చూసి, "మేమూ అడిగి ఉండాల్సింది లెండి," అన్నాడు.

ప్రింటయిన కాగితం వేడి చల్లారకముందే సంతకమైంది.

ఆటోలో సూర్యకాంతమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. నిద్రపోయిందనుకుంటే, "సరే అనీసేదాన్ని," అంది కళ్ళు తెరవకుండానే. మహేశ్వరి గాలికి ఎగురుతున్న ఆమె చీర చెంగు లాగి ఒళ్ళో వేసింది.

హార్బరు గేటు దగ్గర ఆటో దిగారు. మజ్జిగ బండి పక్కనున్న అరుగు మీద సూర్యకాంతమ్మ కూర్చుండిపోయింది.

"నువ్వెల్లి సెప్పు. నాను మజ్జిగ తాగొత్తాను."

"నువ్వు సెప్పవా?"

"నా గొంతు ఇని ఇని ఆల్లకీ ఇసుగొచ్చుంటాది. ఎల్లు."

యార్డులో ఆడవాళ్ళు పొద్దున నిలబడినచోటే ఉన్నారు. కొందరు కూర్చున్నారు, కొందరు చెంగులు తలల మీద కప్పుకున్నారు. సున్నం గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. మహేశ్వరి ఒక్కతే రావడం చూసి రాణి ముందు లేచింది. తర్వాత అందరూ లేచారు.

మహేశ్వరి కాగితం పట్టుకుని వాళ్ళ ముందు నిలబడింది. ఏం చెప్పాలో దారిలో అనుకోలేదు. ఆఫీసు, పటం, పెన్సిలు, ఫోను, అన్నీ ఒక్కసారే నోటిదాకా వచ్చి ఆగాయి. తలెత్తి చూసింది. నేల ఇంకా కాలుతోంది. ఐసు ఫ్యాక్టరీ నీడ గోడ దగ్గరే ఉంది.

"ఇంకా పొద్దుంది," అంది. "బరకాలు తియ్యండి."

ఎవరూ కదల్లేదు. విన్నది నిజమేనా అన్నట్టు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పైడితల్లి కళ్ళు తుడుచుకుంది. రాణి వంగి మొదటి బరకం అంచు పట్టుకుంది. మహేశ్వరి కాగితం జాకెట్లో దోపుకుని, రెండో అంచు పట్టుకోడానికి వెళ్ళింది.